శిఖరం మీద ‘తిన్నవా’

ఎనభైల చివర్లో, అక్టోబరులో, సైనికుడిగా హిమాలయాల్లోని ఒక మంచు పోస్టుకు చేరాను. లారీ దిగగానే ముక్కులో తడి గడ్డకట్టింది. బంకర్‌లో ఒక కిరోసిన్ పొయ్యి, ఒక కంప్యూటర్. నా డ్యూటీ దాని ముందు. "ఎంతమందిని కాల్చినవ్?" అని వరంగల్‌లో చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఒక్కణ్ణీ కాల్చలేదు. టైపు కొట్టాను. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

పైన శిఖరం మీద రేడియో యంత్రం ఉండేది. అది మొరాయిస్తే సరిహద్దు అంచున ఉన్న ముందు పోస్టులతో మాట తెగిపోయేది. అప్పుడు ఒక మనిషి పైకెక్కి, కంప్యూటర్ కలిపేందుకు దానికున్న సీరియల్ పోర్టు అనే రంధ్రానికి కేబుల్ తగిలించి, ఆదేశాలు టైపు చేయాలి. అలా ఎక్కినతను మంచుకు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు. అందుకే ఆ పోర్టుకు, అక్షరాలను అటూ ఇటూ చేరవేసే ఒక డబ్బా తగిలించి, వైరు కిందికి లాగి, మా నెట్‌వర్క్‌లో కలిపాం. ఇక బంకర్‌లో కూర్చునే యంత్రంతో మాట్లాడొచ్చు.

వైరు లాగినవాడు మా లైన్‌మన్, ములుగు పిల్లగాడు. పనిలో పనిగా యంత్రం పలకరింపు కూడా మార్చేశాడు. ఎంటర్ నొక్కితే చాలు, తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘తిన్నవా’ అని వచ్చేది.

"ఇంటికి ఎవలొచ్చినా మనం ముందుగాల అడిగేది గదే కదనే," అన్నాడు.

కెప్టెన్ మండిపడ్డాడు. చెరిపెయ్యమన్నాడు. సరే సార్ అన్నాను, చెరపలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, మంచు తుపానులో, యంత్రం ఆగిపోయింది. తెర నిండా పిచ్చి గీతలు. కెప్టెన్‌కు మా డబ్బా మీద మొదటినుంచీ నమ్మకం లేదు.

"లైన్‌మన్‌ను పైకి పంపు."

"పంపను సార్."

"ఇది ఆర్డర్!"

"వినపడింది సార్. పంపను."

కరెంటు పోయి వచ్చి, యంత్రం అక్షరాలు పంపే వేగం పాత నెమ్మది వేగానికి పడిపోయి ఉండాలి. డబ్బా ఇంకా కొత్త వేగంలోనే వింటోంది, అందుకే అక్షరాలు గీతలవుతున్నాయి. కిందనుంచే డబ్బా వేగం తగ్గించి ఎంటర్ కొట్టాను. గీతలే. మళ్లీ తగ్గించాను. గీతలే. లైన్‌మన్ ఒక బూటు బిగించేశాడు.

"ఫికర్ జెయ్యకే అన్నా, నేను పోతా."

"నువ్వు జర కూసో!"

అట్టడుగు వేగం పెట్టి ఎంటర్ కొట్టాను. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి, ఆకుపచ్చగా వచ్చాయి. తిన్నవా.

"ఇంకా తినలే!" అని లైన్‌మన్ తెరకే జవాబు చెప్పాడు. రెండు ఆదేశాలు కొట్టాను. ముందు పోస్టు గొంతు రేడియోలో పలికింది.

ఆర్డర్ కాదన్నందుకు నా చేతి మీది హోదా పట్టీ ఒకటి ఊడింది. ఊడనీ. రేపు అడిగినా పంపనంటాను.

తర్వాత ఇద్దరం ఒకే రైల్లో వరంగల్‌లో దిగాం. వాడు ములుగు బస్సు కోసం ఉరికాడు. ప్లాట్‌ఫారం మీద అమ్మ నా మొహం నిమిరి, "తిన్నవా బిడ్డా?" అంది. ఇప్పటికీ ఆ మాట ఎవరన్నా ఆ ఆకుపచ్చ అక్షరాలే కనిపిస్తాయి. పక్కనే, వాడు తొడగకుండా వదిలేసిన రెండో బూటు.