గ్రేమ్ రాయని పాస్‌వర్డ్

హోబార్ట్ రేవు పక్కనున్న ఆఫీసులో గ్రేమ్ టోల్‌హర్స్ట్ పొద్దున్నే ఊలు టోపీ అయినా తీయకుండా కూర్చుని, ఒంటివేలితో బిల్డ్ ఫైలు తెరుస్తాడు. చేపల పడవలకు తుఫాను హెచ్చరికలిచ్చే యాప్ పదకొండేళ్లుగా ఆ ఫైలుతోనే తయారవుతోంది. యాప్ తమదేనని ముద్రవేసే పాస్‌వర్డ్ ఫైల్లో ఉండదు, దానికి పెట్టిన ఓ గుర్తుపేరే ఉంటుంది. అసలుది తన కంప్యూటర్ సెట్టింగుల్లో దాచాడు. రహస్యాలు ఫైల్లో రాయొద్దని కొత్తవాళ్ల ప్రాణం తీసిందీ అతనే. మోకాలి ఆపరేషనుకు వెళ్లిన వారంలో, పాతదైపోయిందని ఆఫీసువాళ్లు ఆ కంప్యూటర్ని పూర్తిగా తుడిచేశారు. పదకొండేళ్లుగా మళ్లీ టైపు చేసే పనే పడని పాస్‌వర్డ్ అతనికీ గుర్తులేదు. పాస్‌వర్డ్ లేనిదే పడవల్లోని యాప్‌ను మార్చడం కుదరదు. హెచ్చరికలేమో గంట ఆలస్యంగా వెళ్తున్నాయి. సరిచేసిన కోడ్ నెలరోజులుగా సిద్ధంగా ఉంది. వేరే పాస్‌వర్డ్‌తో కొత్త యాప్ చేసి, అది వేసుకోమంటే సగం పడవలవాళ్లు పట్టించుకోలేదు.

"ఓ కాగితమ్ముక్క మీదన్నా రాసుకోలేదా, మహానుభావా?" అంది పక్క సీటు బ్రోన్విన్.

"రాయొద్దని మీకు చెప్పింది నేనేగా," అన్నాడు తలెత్తకుండా.

ఇవాళా ఆ పేరు టైపు చేసి, విలువేమిటని అడిగాడు. కంప్యూటర్ ఓ ఖాళీ వరుస చూపించింది. కిటికీ అవతల పడవలు ఒక్కొక్కటిగా రేవు దాటుతున్నాయి. గ్రేమ్ వాటిని లెక్కపెట్టలేదు. మళ్లీ అదే పేరు టైపు చేశాడు.