బ్యాడ్జీ రిపోర్టు

ఎనభైల చివర్లో ఉప్పల్ దగ్గర ఒక పరిశోధనాశాలలో టెక్నీషియన్‌గా చేసేదాన్ని. డీఎన్‌ఏ ముక్కలకు రేడియోధార్మిక భాస్వరం అతికించడం నా పని. అలా గుర్తుపెట్టిన ముక్క ఎక్కడికెళ్లి అంటుకుందో ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి చారగా తెలిసిపోయేది. ఆ భాస్వరం సీసం డబ్బాలో వచ్చేది. రెండు వారాలకు సగం బలం పోతుంది కాబట్టి రాగానే వాడేయాలి.

పెళ్లైన రెండో ఏడు నెల తప్పింది. మా సెక్షన్ మేడమ్‌కు చెప్తే, ఆ గదిలోకి రావద్దని నన్ను గాజుసామాను కడిగే పనిలో వేసింది. మూడో నెలలో ఒక పొద్దున, నాచారంలో బస్సు కోసం నిలబడ్డప్పుడు నొప్పి మొదలైంది. ఎలాగో ఇంటికొచ్చి పడ్డాను. మా ఆయన అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. పక్కింటామె ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లింది. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. ఇలా చాలామందికి జరుగుతుందని, కారణం చెప్పలేమని డాక్టరమ్మ అంది. నాకు ఏడుపు రాలేదు. ఆకలైతే ఇడ్లీ తిన్నాను.

అత్తమ్మ మాత్రం ఆ మందుల గదే బిడ్డను మింగిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. నేను కాదనలేదు.

మేం కోటుకు పెట్టుకునే బ్యాడ్జీని బట్టి ఎవరికెంత రేడియేషన్ తగిలిందో మూడు నెలలకోసారి రిపోర్టు వచ్చేది. ఈసారి రాగానే మేడమ్ నన్ను పిలిచి చూపించింది. నా పేరు ఎదురుగా ఏమీ తగల్లేదని ఉంది. నకలు ఇంటికి తెచ్చాను. మా ఆయన దాన్ని వాళ్లమ్మకు చదివి వినిపించాడు.

ఆమె తుంచుతున్న చిక్కుడుకాయను చాటలో వేసింది. తర్వాత నా దిక్కు చూసింది.

"గట్లైతే ఎందుకు పోయింది బిడ్డా?"

"తెల్వదు అత్తమ్మా."

"నీకు బాధైతలేదా?"

"అది గూడ తెల్వదు."

ఆమె చిక్కుడుకాయల చాట నా వైపు జరిపింది. ఇద్దరం కూర్చుని తుంచాం.

తర్వాతి భాస్వరం డబ్బా వచ్చినప్పుడు మేడమ్ ఆ పని ఇంకొకరికి ఇవ్వబోయింది. నేనే చేస్తానన్నాను. రేడియేషన్‌ను పసిగట్టే కౌంటర్ పక్కన టకటకలాడుతూనే ఉంది, నేను ముక్కలకు భాస్వరం అతికించాను. నాలుగు రోజులకు ఫిల్ము కడిగితే చారలు చక్కగా వచ్చాయి. మేడమ్ మెచ్చుకుంది. సరేనని టిఫిన్ డబ్బా తీసుకుని ఇంటికి వెళ్లిపోయాను.

ఏడ్చింది మూడేళ్ల తర్వాత, కూతురు పుట్టిన రోజు. ఎంతకీ ఆగలేదు. నర్సు కంగారుపడి డాక్టరమ్మను పిలవబోతే, అత్తమ్మే వద్దని ఆపింది.