అరువు గొంతు

సుధకు తన పేరు చెప్పుకోవడమే గండం. "స" అనబోతే నాలుక పళ్ళకు అతుక్కుపోతుంది. మెడ నరాలు బిగుసుకుంటాయి, కళ్ళు మూతలు పడతాయి. ఎదుటివాళ్ళు మొదట జాలిగా చూస్తారు, తర్వాత పక్కకు చూస్తారు. డిగ్రీ ఆఖరి ఏడాదికి వచ్చినా ఆ నత్తి వదల్లేదు.

కాలేజీలో చేరినప్పటి నుంచి ఆమె మాటలన్నీ భవాని మాట్లాడుతోంది. ఇద్దరిదీ బన్సీలాల్‌పేటే, మారేడ్‌పల్లిలో కాలేజీకి ఒకే బస్సు. హాజరు వేస్తున్నప్పుడు సుధ లేచి నిలబడి నోరు తెరవకముందే, "వచ్చింది సార్, గీడనే ఉన్నది" అంటుంది భవాని. ఎవడైనా నవ్వితే వెనక్కి తిరిగి, "ఏందిరా, నీకేం తక్లీఫ్?" అని నిలదీస్తుంది. భవాని వాళ్ళ నాయన లేడు, అమ్మ లేదు. నాయనమ్మ విజయమ్మ పూలు కట్టి అమ్ముతూ పెంచింది.

ఆ రోజు పొద్దున సుధ ఉన్నంతలో మంచి చుడీదార్ వేసుకుని తల దువ్వుకుంటుంటే తల్లి లోవలక్ష్మి గుమ్మంలో నిలబడి చూసింది.

"కాల్ సెంటరోళ్ళు వస్తారన్నావు, ఈయేళేనా?"

సుధ తలూపింది.

"అది ఫోన్లో మాటాడే ఉజ్జోగం కదే. నువ్వెల్లి ఏటి చేస్తావు?"

ఆ మాటలో వెటకారం లేదు. వాన పడుతోంది, గొడుగు లేకుండా ఎక్కడికి అన్నట్టు అడిగింది, అంతే. సుధ చెప్పులు వేసుకుంది.

ఊళ్ళో ఎవరి నోట విన్నా కంప్యూటర్లు, కాల్ సెంటర్లు తప్ప వేరే మాట లేని కాలం అది. గోడలన్నీ ఇంగ్లీషు నేర్పే సెంటర్ల పోస్టర్లతో నిండిపోయాయి. బేగంపేటలో కొత్తగా తెరిచిన ఒక కంపెనీ కాలేజీకే వచ్చి పిల్లల్ని ఎంచుకుంటుందని నోటీసు పెట్టినప్పుడు, సుధ పేరు కూడా భవానే రాయించింది. "ఏమైతదే? మహా అంటే వద్దంటరు. కలిసి పోదాం, కలిసి వద్దాం."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే సుధకు తండ్రి గుర్తొచ్చాడు. ఆ కంపెనీ ఉన్న బేగంపేట ఆయన బండి తిరిగిన చోటు. నూకయ్య అక్కడే ఒక హోటల్ కారు తోలేవాడు. విమానం దిగిన అతిథుల్ని ఎక్కించుకొచ్చి దింపడం ఆయన పని. వాళ్ళ మాటతీరు మొత్తం పట్టేసేవాడు. బెంగాలీ బాబు ముక్కుతో మాట్లాడటం, అమెరికా దొర నోట్లో వేడి బంగాళాదుంప ఉన్నట్టు పలకడం, విమానాశ్రయంలో మైకు పిల్ల సాగదీసి చెప్పే ప్రకటన, అన్నీ అచ్చు గుద్దినట్టు దించేవాడు. ఆదివారం వస్తే పక్కింటి అమ్మిరాజు, ఆయన పెళ్ళాం కాంతమణి, మరో నాలుగిళ్ళవాళ్ళు నూకయ్య వాకిట్లో చేరేవారు. తుని నుంచి వలసవచ్చిన ఆ జనానికి అదే సినిమా, అదే నాటకం.

దొరల వంతు అయిపోయాక ఇంట్లోవాళ్ళ వంతు వచ్చేది. కాస్త కుంటుతూ నడిచే పెళ్ళాం మంచినీళ్ళు తెస్తుంటే, ఆమె వెనకే అలాగే అడుగులు వేసుకుంటూ వచ్చేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. లోవలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వేది. తర్వాత సుధను ముందుకు లాగేవాడు. "పేరు సెప్పమ్మా మావయ్యకి!" సుధ "స్... స్..." అని గింజుకుంటుంటే, స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు పెట్టి, ఇంజను గురగురలాడించి, "బండి స్టార్టవట్లేదర్రా! ఎవరైనా దిగి ఓ తోపు తొయ్యండి!" అనేవాడు.

ఒక్క విషయంలో మాత్రం కూతుర్ని చూసి మురిసేవాడు. ఎవర్నైనా అనుకరించేటప్పుడు సుధకు నత్తి ఉండేది కాదు. మైకు పిల్ల ప్రకటన మొత్తం మొదటినుంచి చివరిదాకా నీళ్ళలా చెప్పేసేది. "అరువు గొంతయితే బండి పరిగెడతాదిరా దీనికి. నా కూతురు!" అని భుజం తట్టేవాడు. ఆ చెయ్యి భుజం మీద పడాలని సుధ అందరి గొంతులూ దొంగిలించడం నేర్చుకుంది.

కిందటేడు నూకయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచాన ఉన్నవాడికి గంజి తాగించడం సుధ పని. ఒక మధ్యాహ్నం ఆయన చెంచా పక్కకు నెట్టి, ఆమె మొహంలోకి చూస్తూ, "స్... స్..." అన్నాడు. పెదవి ఒక పక్కకు జారిపోతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పిలుస్తున్నది తన పేరేనని సుధకు తెలుసు. ఊఁ అంటే సరిపోయేది. అనలేదు. చెంచా గిన్నెలో పెట్టి, అచ్చం ఆయన గొంతుతో, ఒక్క అక్షరం తడబడకుండా, "బండి స్టార్టవట్లేదర్రా! ఎవరైనా దిగి ఓ తోపు తొయ్యండి!" అంది.

నూకయ్య నోరు మూసుకున్నాడు. పోయేదాకా మళ్ళీ మాట్లాడే ప్రయత్నం చెయ్యలేదు. గుమ్మంలో లోవలక్ష్మి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో సుధ తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఎవరి గొంతూ అరువు తెచ్చుకోలేదు.

కాలేజీలో పెద్ద హాలు నిండిపోయింది. కంపెనీ తరఫున వచ్చిన ప్రేమమణి మేడమ్ బల్ల వెనక కూర్చుంది. ఒక్కొక్కరే ముందుకు వచ్చి అందరి ఎదుటా ఇంగ్లీషులో మాట్లాడాలి. భవాని ముందు వెళ్ళింది. "మై నేమ్ ఈజ్ భవాని మేడమ్. మై గ్రాండ్ మదర్ డైలీ ఇస్కూల్ డ్రాపింగ్ మీ, ఫ్లవర్ బాస్కెట్ హెడ్ మీద పెట్టుకొని..." అని ఆగి, నాలుక కరుచుకుని, "సారీ మేడమ్, జెర పరేషాన్ అయిన" అంది. నాయనమ్మ గురించి చెబుతుంటే గొంతు వణికింది. మేడమ్ చిరునవ్వుతో ఏదో రాసుకుంది.

తర్వాత సుధ. "మై నేమ్ ఈజ్ స్... స్..."

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. భవాని గిర్రున తిరిగి వాళ్ళను కోపంగా చూసింది.

"పర్లేదు, నిదానంగా చెప్పు," అంటూ ప్రేమమణి గడియారం చూసుకుంది. "చూడమ్మా, ఇది మాట్లాడే ఉద్యోగం. నువ్వు ఇంకేదైనా ట్రై చెయ్యి. నెక్స్ట్!"

సుధ కదల్లేదు. కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నోట్లోంచి విమానాశ్రయం మైకు పిల్ల గొంతు వచ్చింది. ఢిల్లీ వెళ్ళే ప్రయాణికులకు ప్రకటన, సాగదీసిన ఇంగ్లీషులో, ఎక్కడా గతుకు లేకుండా. హాలంతా చప్పట్లు. తర్వాత నూకయ్య దించే అమెరికా దొర వచ్చాడు. ప్రేమమణి కుర్చీలో ముందుకు జరిగింది.

"మై గాడ్! ఇంకెవరిదైనా చేస్తావా?"

చప్పట్లు భుజం మీద చెయ్యిలా ఉన్నాయి. ఇంకా కావాలనిపించింది. సుధ చూపు ముందు వరసలో భవాని మీద పడింది. భవాని సంతోషంతో తలూపుతోంది, చెయ్యి చెయ్యి అన్నట్టు.

"మై నేమ్ ఈజ్ భవాని మేడమ్," అంది సుధ. "మై గ్రాండ్ మదర్ డైలీ ఇస్కూల్ డ్రాపింగ్ మీ..." తలమీద బుట్ట పట్టుకుని ఊగుతూ నాలుగడుగులు నడిచింది. నాలుక కరుచుకుంది. గొంతులో వణుకు కూడా వదల్లేదు. "జెర పరేషాన్ అయిన!"

హాలు పగిలిపోయేలా నవ్వింది. ప్రేమమణి కళ్ళు తుడుచుకుంది. భవాని కూడా నవ్వింది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని. ఆ నవ్వు సుధకు బాగా తెలిసిందే. తెలిసీ బుట్టను ఇంకోసారి ఊపింది.

ఎంపికైనవాళ్ళ పేర్లు సాయంత్రం చదివారు. సుధ పేరుంది, భవాని పేరు లేదు.

బస్టాపులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. బస్సు వచ్చే వైపు చూస్తూ భవాని, "మంచిగ చేసినవ్," అంది. తర్వాత సుధవైపు తిరిగి, "మా నాయనమ్మను సుత ఎందుకు నకల్ తీసినవే? నన్ను తీస్తే తీసినవ్" అంది.

సుధ నోరు తెరిచింది. "స్... సా..." అన్నది. సారీ రాలేదు. మామూలుగా అయితే భవాని ఆ మాట పూర్తి చేసేది. ఇప్పుడు చెయ్యలేదు. సుధ మొహంలోకి చూస్తూ, మాట వచ్చేదాకా నిలబడింది. అది వచ్చేలోగా బస్సు వచ్చింది. భవాని ముందు తలుపు దగ్గర ఎక్కి, ఆడవాళ్ళ గుంపులోకి దూరిపోయింది. మర్నాటి నుంచి వేరే బస్సు చూసుకుంది. క్లాసులో సుధ ఉన్నంతసేపూ నోరు విప్పడం కూడా మానేసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన కూతురు చూపించిన కాగితం మీద కంపెనీ ముద్ర చూసి లోవలక్ష్మి నమ్మలేకపోయింది. వీధిలోకి పోయి అమ్మిరాజునీ కాంతమణినీ పిలుచుకొచ్చింది. నూకయ్య పోయాక ఆ వాకిట్లో జనం చేరడం అదే మొదలు.

"మాట రాని పిల్లకి మాటల ఉజ్జోగమా! ఏం చేశావే?" అంది కాంతమణి.

సుధ తడబడుతూ, ఆగుతూ జరిగింది చెప్పింది. భవాని సంగతి దగ్గర ఆగిపోయింది.

"ఎవరు, ఆ పూలమ్మే ముసిల్దాని మనవరాలా?" అమ్మిరాజు అరుగు మీద సర్దుకు కూర్చున్నాడు. "ఏదీ, ఓసారి చెయ్యి. మీ నాన్నని చూసినట్టుంటాది."

సుధ తల్లివైపు చూసింది. వద్దంటుందేమోనని చూసింది. లోవలక్ష్మి మొహం వెలిగిపోతోంది. అందరూ నవ్వబోయేది తనను చూసి కాదు. ఆ వాకిట్లో ఆమెకు అలాంటి సాయంత్రం ఎప్పుడూ రాలేదు.

"చెయ్యవే," అంది తల్లి. "ఆ పిల్ల నడక కూడా చెయ్యి."

సుధ లేచి నిలబడింది. లేని బుట్టను నెత్తిన పెట్టుకుంది. పొద్దుటికంటే ఇంకా బాగా వచ్చింది.