గుండెలో ముడులు

నా చిన్నప్పుడు మనుషులు ఒకరినొకరు ముట్టుకోవడానికి భయపడిన కాలం ఒకటి వచ్చింది. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. మేము సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గర సాంచెల పనివాళ్లు ఉండే వరుస గదుల్లో ఒకదానిలో ఉండేవాళ్లం. మా వాళ్లది సిరిసిల్ల దిక్కు. మా బాపు సాంచెలు నడిపేవాడు, అంటే కరెంటు మగ్గాలు. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది.

చీరను వెలుతురుకు పట్టి తప్పులు వెతకడం నాకు బాపే నేర్పాడు. రంధ్రం కనబడితే డ్యామేజీ. తెగిన పోగును ముడేసిన చోట చిన్న గీతలా నల్లగా కనబడుతుంది. అలాంటివి ఎక్కువైతే ఆ చీరా డ్యామేజీ కుప్పలోకే. ఈ పనిలో నన్ను మించినవాళ్లు లేరని బాపు అందరితో చెప్పుకునేవాడు. నేను నిజంగానే నమ్మాను. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

బాపుకు ఊపిరాడక ఆసుపత్రికి తీసుకుపోయారు. లోపలికి ఎవరినీ రానిచ్చేవాళ్లు కాదు. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర నిలబడి, ఎవరో ఒకరు వచ్చి చెప్పే రెండు ముక్కలు విని తిరిగొచ్చేది. బయట నల్లా కింద స్నానం చేసి, గదిలో ఒక మూలన కూర్చునేది. నేను దగ్గరికి పోతే చెయ్యి అడ్డం పెట్టేది. ఎందుకో చెప్పేది కానీ నా బుర్రకు ఎక్కేది కాదు. అమ్మకు నా మీద కోపం వచ్చిందనుకున్నాను.

ఒకరోజు అమ్మ గడప అవతల నిలబడ్డ పక్కింటి అక్కతో మాట్లాడుతుంటే విన్నాను. జబ్బు గుండె మీద కూడా పడిందట, ఏవో తీసి పరీక్షకు పంపారట. నేను ఏడుపు లంకించుకున్నాను. నన్ను మళ్లించడానికి పక్కింటి అక్క వాళ్ల గదికి తీసుకుపోయింది. ఆమె ల్యాబు పని నేర్చుకునే చదువు చదువుతోంది. కాలేజీ మూతపడితే, వాళ్ల నాన్న ఎక్కడో పాత సూక్ష్మదర్శిని ఒకటి కొనిపెట్టాడు. దాన్ని కిటికీ పక్కన, ఎండ పడే చోట పెట్టుకుంది. ఒక గాజుపలక దాని కింద దూర్చి, "సూడు, ఇది గుండె. మనిషి గుండెను సన్నగ కోసి, రంగేసి, గాజు మీద వెడ్తరు," అంది.

కన్ను ఆనించి చూశాను. నాకు కనబడింది బట్ట. గులాబీ రంగు పోగులు పక్కపక్కనే సాగిపోతున్నాయి. కొన్ని పోగులు మధ్యలో చీలి పక్క పోగుల్లో కలుస్తున్నాయి, ఏ సాంచె మీదా అలా జరగదు. పోగులకు అడ్డంగా అక్కడక్కడ నల్లటి గీతలు. పోగుల మధ్య చిన్న చిన్న రంధ్రాలు. వెలుతురుకు పట్టి చూసే కన్ను కదా, క్షణంలో తేల్చేశాను. అది బాపు గుండె. పరీక్షకు పంపింది ఇదే. ల్యాబు చదువు చదివే అక్క దగ్గరికి కాక ఇంకెక్కడికి వస్తుంది? పోగులన్నీ తెగిపోతే ఎవరో ముడులేశారు. అంతా డ్యామేజీ.

ఎవరితోనూ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

మధ్యాహ్నాలు ఆసుపత్రి సిస్టరమ్మ తన ఫోన్‌లో బాపుతో వీడియో కాల్ కలిపేది. ముక్కూ నోరూ మూసేసిన మాస్కు, దానికో గొట్టం, పైన రెండు కళ్లు. గొంతు ఎక్కడో డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది. "బిడ్డేది?" అనేది ఆ గొంతు. నేను నీళ్ల డ్రమ్ము వెనక దూరేదాన్ని. గుండె ఇక్కడ గాజు మీద ఉంటే, అక్కడ మాట్లాడుతున్నది ఎవరు? బాపు అయితే ఎలా బతికున్నాడు? కాకపోతే నన్ను ఎందుకు పిలుస్తున్నాడు? ఎటు తిప్పి ఆలోచించినా తల తిరిగేది తప్ప దారి దొరికేది కాదు. అమ్మ బతిమాలేది, తిట్టేది. "ఆయన నీ మొకం సూడాలనే కదనే ఎదురుసూస్తుండు, గింత మొండిదానివి ఏందే!" అని ఒకరోజు తానే ఏడ్చేసింది. నేను డ్రమ్ము వెనక నుంచి కదల్లేదు.

తరువాత ఒక పొద్దున్న అమ్మ ముఖం పాలిపోయి తిరిగొచ్చింది. బాపుకు గొంతులోకి గొట్టం వేస్తారట, వేశాక మాట ఉండదట. ఆ మధ్యాహ్నం వచ్చే ఫోనే ఆఖరుది కావచ్చు. అది విని నేను నేరుగా పక్కింటికి పరిగెత్తాను. "అక్కా, ఆ ముడులు ఎవలేసిన్రు?" అని అడిగాను.

అక్కకు ఏమీ అర్థం కాలేదు. "ఏం ముడులే?" అంది. చూపించాను. ముడులూ, రంధ్రాలూ, బాపు గుండె అనే మాటా, అన్నీ ఒక్కసారే కక్కేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ గాజుపలక తీసి, అంచున పసుపెక్కిన చీటీ చూపించింది. "ఇది మా సార్ సదువుకున్నప్పటిది. అప్పటికి మీ బాపు పుట్టనే లేడు."

"మరి ఎవలది?"

"తెల్వది. ఎవలో సచ్చిపోయినంక ఇచ్చిండు, మేం సదువుకోవాలని."

"ఆయనకు బిడ్డ ఉండెనా?"

అక్క ఆ చీటీని మళ్లీ ఒకసారి చూసింది. "తెల్వదే," అంది చిన్నగా.

అవి రంధ్రాలు కావనీ, నెత్తురు నడిచే సన్నటి గొట్టాలనీ చెప్పింది. వాటి గోడ ఒక్క కణమంత పల్చనట. నెత్తుటి కణాలు వాటిలో ఒకదాని వెనక ఒకటి మాత్రమే పోగలవట. నేను తల ఊపాను కానీ నమ్మలేదు. ముడుల సంగతి మాటల్లో చెబితే నాకు ఎక్కదని ఆమెకు అర్థమై ఉంటుంది. నన్ను మా గడప దగ్గరికి తీసుకొచ్చి అమ్మను పిలిచింది. ముగ్గురి చేతులూ సబ్బుతో కడిగించింది. అమ్మ వద్దు వద్దంటున్నా మాస్కులు సరిచేసి, నా ఒక చెయ్యి తాను పట్టుకుని రెండోది అమ్మ చేతిలో పెట్టింది. "నేను పిసికినప్పుడు నువ్వు మీ అమ్మ చెయ్యి పిసుకు," అంది. పిసికింది. నేను అమ్మ చెయ్యి పిసికాను. "ఆ నల్లగీతలు గివే. తెగినకాడ ఏసిన ముడులు గావు. ఒక కణం పక్కదాని చెయ్యి గట్టిగ పట్టుకున్న జాగ. గట్ల పట్టుకుంటేనే గుండె అంత ఒక్కసారి కొట్టుకుంటది. అందరి గుండెలల్ల ఉంటయి, నీ గుండెల గూడ."

అక్క వదిలేసింది. అమ్మ వదల్లేదు. ఎన్నాళ్ల తరువాతో అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. అది నా చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. అమ్మకు నా మీద కోపం లేదనీ, భయపడుతోందనీ అప్పుడు తెలిసింది.

ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. ఏమనాలో తోచక, "బాపూ, నీ గుండె నీ తాన్నే ఉందా?" అని అడిగాను. అటువైపు బాపు కళ్లు చిట్లించాడు. పాపం, ఆయనకు ఏం అర్థమైందో ఏమో, సూదులు గుచ్చిన చెయ్యి నెమ్మదిగా ఎత్తి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "ఉన్నది బిడ్డా," అన్నాడు. "కొట్టుకుంటాంది."

మర్నాడు గొట్టం వేశారు. గొట్టం వేసినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. మా బాపు వచ్చాడు, పుల్లలా చిక్కిపోయి. ఆ రోజు ఫోన్‌లో నా గొంతు విన్నందుకే వచ్చాడని అమ్మ బతికినన్నాళ్లూ అంది. నేను ఒప్పుకోను, మా గదుల వరుసలోనే, పిల్లలు అలా పిలిచినా తిరిగి రానివాళ్లు ఉన్నారు. బాపు మాత్రం ఆ ప్రశ్నను పెళ్లిళ్లలో, చావుల్లో అందరికీ చెప్పి నన్ను ఏడిపిస్తూనే ఉండేవాడు.

ఆ రోజు నుంచి మనసులో ఏదైనా మెలిపెడితే, అదెంత పిచ్చి ప్రశ్నయినా, పైకి అడిగేస్తాను. డాక్టర్లు విసుక్కుంటారు, మనవలు నవ్వుతారు. చాలావాటికి జవాబు దొరికింది. గాజు మీద చూసిన ఆ గుండె ఎవరిదో, ఆయనకు బిడ్డ ఉండేదో లేదో, ఉంటే ఆఖరున ఆయన పిలిచినప్పుడు ఆమె వెళ్లిందో లేదో, అది మాత్రం నన్ను వదల్లేదు. వెళ్లే ఉంటుందని అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను.