ఎండలో ఊపిరాడని పెళ్లికారు

కార్ల గురించి నాకు తెలిసిందల్లా ఇక్కడ గ్యాస్ అనే పెట్రోలు ఎటువైపు పోస్తారో, అంతే. అలాంటివాణ్ణి, ఒక కారు ఎండలో ఎందుకు నీరసపడుతుందో దారిపొడవునా నేర్చుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. అదీ ఒక పెళ్లికి.

శామ్యూల్ నాకు ఎమ్మెస్‌లో రూమ్మేటు. 2012 జూన్‌లో ఒక శనివారం ఫీనిక్స్‌లో వాడి పెళ్లి. పెళ్లికొడుకు పక్కన నువ్వే నిలబడాలిరా అన్నాడు. మాది వరంగల్, మా వంశంలో ఎవరూ చర్చి గడప తొక్కలేదు. అయినా వాడు అడిగాక కాదంటానా!

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంటుకు తాళం వేసి, ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి, నెవార్క్‌లో నాలుగున్నర విమానం అందుకున్నాను. లాస్ ఏంజెలెస్‌లో దిగేసరికి అక్కడ ఏడున్నర. పెళ్లికొడుకే ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. ఇర్వైన్‌లో ఇంజన్ల టెస్టింగ్ ల్యాబులో వాడి ఉద్యోగం.

“రేపు పెళ్లి పెట్టుకొని ఇంకా ఇక్కడే ఉన్నవేందిరా?” అన్నాను.

“ఈరోజు దాకా టెస్ట్ నడిచింది రా. హెచ్-వన్ వీసా మీద ఉన్నోడు ఎన్ని లీవులని అడుగుతాడు?”

వాడి అమ్మానాన్నలు రెండు రోజుల ముందే ఫీనిక్స్ చేరారు. వాడి ఇంట్లో మిగిలింది అమలాపురం నుంచి వచ్చిన దానియేలు బాబాయి గారు ఒక్కరే.

పెళ్లి మూడింటికి. హాలు తెలుగువాళ్లది కాదు, ఒక అమెరికన్ చర్చి దగ్గర అద్దెకు తీసుకున్నది. ఐదున్నరకు ఖాళీ చేసి తీరాలి, ఆ తర్వాత వాళ్ల ఆరాధన ఉంది. నేరుగా వెళితే ఆరు గంటల దారి. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: వేసవిలో ఆరిజోనా గడియారం, కాలిఫోర్నియా గడియారం ఒకటే. గంట కలిసి రాదు, గంట పోదు.

ఏడున్నరకు బయల్దేరాల్సినవాళ్లం ఎనిమిదీ నలభైకి కదిలాం. కారణం బాబాయి గారి ఫ్లెక్సీ. అమలాపురంలోనే ప్రింటు చేయించి, సూట్‌కేసులో చుట్టి తెచ్చారు. గులాబీల మధ్య శామ్యూల్, పెళ్లికూతురు గ్రేస్ ఫొటోలు, కింద బైబిలు వాక్యం. మన దగ్గర పెళ్లి వ్యానుకు కట్టినట్టే కారు ముఖానికి నైలాను తాడుతో బిగించి కట్టారు. దాని ముందు నిలబడి ఫొటోలు, ఆ పైన ప్రార్థన.

“మా ఊళ్లో బ్యానరు లేని పెళ్లికారుంటే జనం నవ్వుతారండి, ఆయ్!” అన్నారు నాతో.

పదింటికి బ్యానింగ్ దగ్గర ఎవరో ఎవరినో గుద్దేశారు. గంటా ఇరవై నిమిషాలు అక్కడే. ఇంజన్ ఆపకుండా, ఏసీ ఆపకుండా, అంగుళం అంగుళం జరిగాం. బాబాయి గారు పులిహోర డబ్బా తీశారు. శామ్యూల్ ముద్ద ముట్టలేదు, మాటిమాటికీ గడియారం చూశాడు. పన్నెండుకు ఇండియోలో గ్యాస్ పోయించుకుంటుంటే బ్యాంకు బోర్డు మీద నూట పన్నెండు డిగ్రీలు. మన లెక్కలో నలభై నాలుగు పైమాటే.

ఇండియో దాటాక కొండెక్కే రోడ్డు మొదలైంది. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపండని రోడ్డు పక్కన ప్రభుత్వమే బోర్డు పెట్టింది! ముందురోజు రాత్రి ఫ్రీవేలో బాణంలా దూసుకెళ్లిన కారు ఇప్పుడు ఎంత తొక్కినా మూలుగుతోంది. సోఫాలు వేసుకున్న పాత ట్రక్కు ఒకటి మమ్మల్ని దాటిపోయింది.

“రాత్రి టర్బో టర్బో అని చంపితివి కదరా, ఏమైంది దీనికి?” అన్నాను శామ్యూల్‌తో.

“లిజన్ రా. టర్బో గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. నొక్కితే గాలి వేడెక్కుద్ది. సైకిల్ పంపు కొట్టి చూడు, అడుగున చెయ్యి కాలుద్ది.”

“వేడెక్కితే ఏంది?”

“వేడి గాలి పల్చన, ఆక్సిజన్ తక్కువ. పైగా గాలి మరీ వేడైతే పెట్రోలు టైముకి ముందే అంటుకుంటుంది, ఇంజన్ దెబ్బతింటుంది. అందుకని కంప్యూటరే పవర్ తగ్గిస్తుంది.”

“అంటే చేతకాక కాదు, భయపడి తగ్గుతున్నదన్నమాట.”

“కరెక్ట్. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ అని పెడతారు. బయటి గాలి తగిలి, లోపలికెళ్లే గాలి చల్లబడుద్ది. బయటే నూట పన్నెండుంటే అది మాత్రం ఏం చల్లారుస్తుంది?”

నాకు భలే నచ్చింది ఈ సంగతి. ఇంతలో టెంపరేచర్ ముల్లు పైకి పాకింది. ఒంటిగంటకు చిరియాకో సమిట్ గ్యాస్ స్టేషన్లో ఆపక తప్పలేదు. ఫీనిక్స్ ఇంకా మూడు గంటల పైచిలుకు. ఇలా ఆగుతూ, పాకుతూ పోతే ఐదున్నరకు కాదు కదా, చీకటి పడ్డా చేరం. గ్రేస్ ఫోన్ చేసింది. “వస్తున్నాం” అన్నాడు గానీ ఎన్నింటికో చెప్పలేదు.

నా బుర్రకు వేళాపాళా లేదు. “ఆ కూలర్ ఎక్కడుంటదిరా?” అని అడిగాను.

“రా, చూపిస్తా” అని వాడు విసురుగా కారు ముందుకు నడిచి, వంగి, బంపరు కిందికి వేలు చూపించాడు. ఆ వేలు ఫ్లెక్సీలో వాడి ఫొటో మీద ఆగింది. కారు ముఖం మొత్తం గులాబీలే. గాలి దూరడానికి సందు లేదు.

వాడి ముఖం ఎర్రబడింది. “ఎవడు కట్టమన్నాడు బాబాయ్ ఇది! బుద్ధుండక్కర్లేదా?” అని అరిచాడు. గ్యాస్ పోసుకుంటున్న ముసలి దంపతులు తిరిగి చూశారు.

బాబాయి గారు కాలిపోతున్న బంపరు దగ్గర గొంతుక్కూర్చుని ముడులు విప్పసాగారు. ఫ్లెక్సీని మడిచి డిక్కీలో పెట్టారు. ఆయన వేళ్లు ఎర్రగా కమిలాయి. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పెళ్లికొడుకని ఊరుకున్నాను.

ఒకటీ ఇరవైకి కదిలాం, ఏసీ లేకుండా. ముల్లు దిగింది. కారు పూర్తిగా కోలుకోలేదు, ఆ ఎండ ఎండే మరి. కానీ డెబ్బై ఐదు మైళ్ల మీద నిలబడింది. బ్లైత్‌లో నది దాటి ఆరిజోనాలో పడ్డాం. నాలుగూ నలభైకి చర్చి ముందు దిగాం. సూట్లు చెమటతో ఒంటికి అంటుకుపోయాయి. పాస్టరు గారు ప్రసంగం సగానికి కుదించారు. ఐదూ ఇరవైకి పెళ్లయిపోయింది. అమ్మయ్య అనుకున్నాను.

ఆదివారం ఉదయం ఐదున్నరకే తిరుగు ప్రయాణం, నా విమానం రెండున్నరకు. గ్రేస్ ముందు సీట్లో, నేనూ బాబాయి గారూ వెనక. చల్లటి గాలికి కారు నిన్నటిది కాదేమో అన్నంత హుషారుగా పోతోంది. వేసవిలో ఈ ఎడారి దాటాలంటే తెల్లవారుజామునే దాటాలి. నేను చెప్పగలిగిన సలహా అదొక్కటే.

గ్రేస్ వెనక్కి తిరిగింది. “బాబాయ్ గారూ, మీరు నాకు ఫొటో పంపిన బ్యానర్ ఏదండి? నిన్న కార్‌కి కనబళ్లేదు.”

“గాలికి ఎగిరిపోయిందమ్మా” అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

శామ్యూల్ అద్దంలో బాబాయి గారి వైపు చూశాడు. తర్వాత అన్నాడు. “ఎగిరిపోలేదు గ్రేస్. నేను తీయించాను. కట్టే ముందు బాబాయ్ నన్ను అడిగాడు, ఇది కడితే ఇంజన్‌కి గాలి ఆగదు కదరా అని. నేను ఫోన్ చూసుకుంటూ, ఏం కాదు కట్టెయ్ అన్నాను. ఇంజన్ల మీద పనిచేసేది నేను. తిట్లు తిన్నది ఆయన.”

నేను బాబాయి గారి వైపు చూశాను. ఆ మాట ఆయన నిన్న అందరి ముందూ అనేయొచ్చు. అనలేదు.

“సారీ బాబాయ్” అన్నాడు వాడు.

“నిన్నే అనేద్దును గానీ” అన్నారు బాబాయి గారు, “పెళ్లికెళ్లే కుర్రాడివి, చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాన్రా.”