చంక కింద నాలుగు మూలల ముక్క

1997 జూన్‌లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక రెడీమేడ్ బట్టల కంపెనీలో మిషన్ ఆపరేటర్‌గా చేరాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. మాది ఇంద్రేశం. ఎనిమిదో తరగతి దాకా చదివాను. పదకొండేళ్ల తర్వాత కంపెనీని వేరే ఊరికి తరలించినప్పుడు పని మానేశాను. ముప్పై నిండకముందే రిటైరయ్యానంటే మా ఆయన పడీపడీ నవ్వుతాడు. నవ్వితే నవ్వనివ్వండి. ఆ పదకొండేళ్లలో నన్ను టైలర్‌ని చేసిన మూడు రోజుల సంగతి చెబుతాను.

ముందు మా పని ఎలా ఉండేదో చెప్పాలి. మేము కుట్టేది విదేశాలకు పోయే ఆడవాళ్ల బట్టలు. ఒక గౌను మొత్తాన్ని ఒకరే కుట్టరు. కటింగ్ సెక్షన్‌లో బట్టను దొంతరగా పరిచి కోస్తారు. ఆ ముక్కలకు నంబర్లు, కుడి ఎడమల గుర్తులు ఉన్న స్టిక్కర్లు అంటించి, కట్టలు కట్టి లైన్‌లోకి పంపుతారు. లైన్ అంటే వరసగా ముప్పై మిషన్లు. ఒకరు కాలర్ కుడితే ఒకరు జేబు, ఇంకొకరు అంచు. నా వంతు చేతులు అతికించడం. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం దాకా చేతులే. ఏ గౌను చివరికి ఎలా తయారైందో చూద్దామన్నా కుదరదు. అప్పటికే అది పదిహేను మిషన్లు దాటి పోయుండేది.

మా లైన్ సూపర్‌వైజర్ సత్యవతి మేడమ్. కోస్తా వైపు మనిషి. భర్త ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగి కావడంతో ఇక్కడ స్థిరపడ్డారు. మాట కొంచెం గట్టి. లైన్ మీద ఆవిడది పెత్తనమైతే, సాంపిల్ రూమ్ ఖాసీం మాస్టర్‌ది. సాంపిల్ రూమ్ అంటే, బయ్యర్ అడిగిన నమూనాను ముందుగా ఒకటి కుట్టి చూపించే గది. అక్కడ టైలర్ గౌనును మొదటి కోత నుంచి చివరి గుండీ దాకా తానే కుడుతుంది. నా ప్రాణమంతా ఆ గది మీదే ఉండేది. భోజనం బెల్లు కొట్టగానే అన్నం గిన్నె పట్టుకుని దాని తలుపు దగ్గర నిలబడి తినేదాన్ని.

ఇక నా పిచ్చి సంగతి. నాకు పాతకాలపు కుట్టు అంటే ఇష్టం. బుట్ట చేతులు, పడవ మెడ, వీపున గుడ్డతో కప్పిన గుండీలు, ఇలాంటివి. ఈ ఇష్టం ఎక్కడ పట్టుకుందో చెబితే మీరు నమ్మరు. మిషన్లు తుడిచే గుడ్డల మూటలో.

ఈ ప్రాంతపు కంపెనీలన్నింటికీ తుడుపు గుడ్డలు కావాలి. స్టీలు గిన్నెలిచ్చి ఇంటింటా పాత బట్టలు తీసుకునేవాళ్లు బాగున్నవి ఏరుకుని, మిగతావి మూటలు కట్టి కంపెనీలకు అమ్మేవారు. మా మెకానిక్ దగ్గరికి అలాంటి మూట నెలకొకటి వచ్చేది. నేను చేరిన ఏడాదికి అందులో ఒక ఆకుపచ్చ జాకెట్ కనిపించింది. ఎప్పటిదో, చెమటకు చంకల దగ్గర రంగు పోయింది. కానీ దాని చేతులు చూడాలి! భుజం దగ్గర సన్నటి కుచ్చులు, ఒక్కో కుచ్చూ బియ్యపు గింజంత. అడిగితే మెకానిక్ ‘లేజా’ అని విసిరేశాడు.

ఇంటికి తెచ్చి కుట్లన్నీ విప్పాను. ముక్కలు ఇస్త్రీ చేసి, న్యూస్‌పేపర్ మీద పెట్టి గీసుకున్నాను. చంకల కింద నాలుగు మూలల చిన్న ముక్క ఒక్కొక్కటి కనిపించింది. ఎప్పుడో చినిగితే అతుకు వేసుకుని ఉంటారనుకుని దాన్ని వదిలేశాను. సాదా నీలం పాప్లిన్ తెచ్చి నా కొలతలకు జాకెట్ కుట్టుకున్నాను. చెయ్యి పైకెత్తితే నడుం దగ్గర కాస్త లాగేది. లాగితే లాగనీ అనుకున్నాను. అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు మరి.

ఆయుధపూజ నాడు కంపెనీలో యూనిఫాం అప్రాన్ వేసుకోనక్కర్లేదు. మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టి, పూలదండలు వేసి, పూజయ్యాక మిఠాయి తిని ఇంటికి పోతాం. ఆ రోజు నా బుట్ట చేతుల జాకెట్ వేసుకుని పోయాను. గేటు దగ్గరే సత్యవతి మేడమ్ పట్టుకున్నారు.

“ఏంటే మంజులా, మా అత్తగారి పెళ్లి ఫోటోలోంచి దిగొచ్చావా?”

లైనంతా గొల్లున నవ్వింది. నా పక్క మిషన్ సుగుణ నా చెయ్యి మీద ఒకటి పొడిచింది. “గాలి కొట్టిచ్చుకొని వచ్చినవా ఏంది? జెర పైలం, పంక కిందికి పోతే ఎగిరిపోతవ్!”

నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. అంతలో ఖాసీం మాస్టర్ మిఠాయి తింటూ వచ్చి నా వెనక నిలబడ్డారు. జాకెట్‌ను ముట్టుకోకుండా, భుజం కుట్టును కళ్లతోనే కొలిచారు.

“ఎవలు కోసిన్రు బేటీ ఇది?”

“నేనే మాస్టర్. పాత జాకెట్ విప్పి నేర్చుకున్న.”

ఆయన తలూపి వెళ్లిపోయారు. అంతే. పండగ పోయింది, నేను మళ్లీ చేతులు అతికించుకుంటూ కూర్చున్నాను.

తర్వాతి నెలలో ఒక గురువారం పొద్దున పిలుపొచ్చింది. ఒక బయ్యర్ పాతకాలపు గౌను ఫోటో పంపాడు. గుండ్రటి కాలర్, నడుం దగ్గర కుచ్చులు, బుట్ట చేతులు. శనివారం మధ్యాహ్నానికి అతని ఏజెంట్ వస్తాడు, ఆలోగా సాంపిల్ కావాలి. సాంపిల్ టైలర్ కాన్పుకు పోయింది. మాస్టర్ నాకు ఫోటో, కొలతల కాగితం, రెండున్నర మీటర్ల పూల వాయిల్ గుడ్డ ఇచ్చారు. అది కుదిరితే ఆ కుర్చీ నాది, కుదరకపోతే మళ్లీ లైన్‌కే పోవాలని చెప్పారు.

సత్యవతి మేడమ్‌కు ఇది నచ్చలేదు. ఆవిడ లైన్‌లో ఒక మనిషి తగ్గితే ఆ రోజు లెక్క పడిపోతుంది మరి. “వెళ్లు వెళ్లు. శనివారానికల్లా తిరిగొస్తావు గానీ, నీ కుర్చీ ఎవ్వరికీ ఇవ్వన్లే” అన్నారు.

గురువారమంతా కోత, కాలర్, గౌను ఒంటి భాగం. శుక్రవారం పొద్దున చేతులు మొదలుపెట్టాను. ఏడాదిలో కొన్ని వేల చేతులు అతికించినదాన్ని, ఇదే నాకు తేలికనుకున్నాను. ఎడమ చెయ్యి పువ్వులా కూర్చుంది. రెండో చెయ్యికి కుచ్చు లాగి, గుండుసూదులు పెట్టి చూస్తే ముందుకు రావాల్సిన లోతు వెనక్కి వచ్చింది. తిప్పి పెట్టాను, పూలు లోపలికి పోయి గుడ్డ తిరగవేపు పైకొచ్చింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే.

రెండూ ఎడమ చేతులే కోశాను.

ఎలా జరిగిందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. చెయ్యి ముక్కకు ముందువైపు కోత లోతుగా, వెనకవైపు తక్కువగా ఉంటుంది. అందుకే గుడ్డ రెండు పొరల్నీ ముఖానికి ముఖం పెట్టి ఒకేసారి కోయాలి, అప్పుడే కుడి, ఎడమ వస్తాయి. నేను వాయిల్‌ను ఒక్క పొరగా పరిచి, కాగితం తిప్పకుండా అలాగే రెండుసార్లు పెట్టి కోశాను. ఇంట్లో నీలం పాప్లిన్‌నీ అలాగే కోశానని అప్పుడు అర్థమైంది. దానికి రెండువైపులూ ఒకటే, కాబట్టి ఎటు తిప్పినా నడిచింది. ఇక లైన్‌లోనా? స్టిక్కర్ చూసి కుట్టడమే కానీ, ఏ చెయ్యి ఎందుకు అలా ఉందో నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

గుడ్డ మిగల్లేదు, పేలికలే ఉన్నాయి. ఇంకో గుడ్డ కావాలంటే స్టోర్‌కు చీటీ రాయాలి, దాని మీద కారణం రాయాలి. కారణం రాశానా, నా సంగతి అయిపోయినట్టే. బల్ల కింద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. దాచుకోవడమెందుకు!

నా సంచిలో ఆ ఆకుపచ్చ జాకెట్ ముక్కలున్నాయి, చూసుకోవడానికి తెచ్చుకున్నాను. ముక్కు తుడుచుకోవడానికని సంచిలో చెయ్యి పెడితే, నేను అతుకనుకున్న నాలుగు మూలల ముక్క చేతికి తగిలింది. తిప్పి చూశాను. అతుకైతే చినిగిన చోట పైన వేస్తారు. ఇది కుట్టులోకి కుట్టుగా కూర్చుంది, రెండు చంకల్లోనూ ఒకే కొలతతో. చెయ్యి ఎత్తితే లాగకుండా కావాలనే పెట్టిన ముక్క అది! నా జాకెట్ ఎందుకు లాగుతోందో అప్పుడు తెలిసింది.

గబగబా పేలికల్లోంచి రెండు ముక్కలు కోశాను. తప్పు చెయ్యికి ముందువైపు ఎక్కువున్నది కోసేసి, వెనక తక్కువైన చోట ఆ ముక్క నింపాను. రెండూ ఒకేలా ఉండాలని ఎడమ చెయ్యి కూడా విప్పి అక్కడా పెట్టాను. మూడు గంటలకు గౌను హ్యాంగర్‌కు ఎక్కింది. నిజం చెప్పొద్దూ, బాగుంది.

మాస్టర్ వచ్చారు. టైలర్లెవరూ గౌను ముందు చూడరు, తిరగేసి లోపల చూస్తారు. ఆయనా అంతే చేశారు. వేలు వచ్చి చంక దగ్గర ఆగింది.

“ఈ ముక్క కాగితంల లేదు కద. యాడికెల్లి వచ్చింది?”

“పాత ఫ్యాషన్ మాస్టర్” అన్నాను. ఆకుపచ్చ ముక్క చూపించాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. “అరె వా! మా అబ్బాజాన్ గిట్లనే పెడుతుండె. ఇయ్యాల్రేపు ఎవలు పెడ్తున్నరు గిది” అంటూ, చెవి మీది పెన్సిల్ తీసి కొలతల కాగితంలో ఆ ముక్క కూడా చేర్చడం మొదలుపెట్టారు.

నేను గెలిచాను. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ పెన్సిల్ రాస్తున్నది చూస్తుంటే నాకు లైన్ గుర్తొచ్చింది. ఆ కాగితం ఏజెంట్ ఒప్పుకుంటే ప్రతి గౌనుకీ రెండు ముక్కలు, ఒక్కో ముక్కకు నాలుగు మూలలు తిప్పాలి. ఆ పని పడేది నా కుర్చీ పక్కనే చేతులు అతికించే సుగుణ మీద. అసలే సాయంత్రానికల్లా దాని మెడ పట్టేస్తుంది. నేను తప్పు కోసినందుకు అది అన్ని వేల మూలలు తిప్పాలా?

“మాస్టర్, రాయకున్రి. ఫ్యాషన్ కోసం పెట్టలే. రెండు ఎడమ చేతులే కోసిన.”

పెన్సిల్ ఆగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“గదే పొద్దుగాలనే చెప్పనీకె ఏమైంది?”

“మల్ల లైన్లకు పంపిస్తరని.”

“అబద్ధం పట్టుకుంటె పంపియ్యనా?” అన్నారు. ఆయనే చీటీ పుస్తకం తీసి, కారణం దగ్గర ‘కోతలో తప్పు’ అని రాసి, కింద తన సంతకం చేశారు. నా పేరు రాయలేదు. గుడ్డ రాగానే బల్ల మీద పడేసి, “ముఖం మీద ముఖం పెట్టు. ఇగ నా ముంగట కొయ్యి” అన్నారు.

శనివారం పదకొండుకు గౌను అయిపోయింది. చంక ముక్క లేకుండానే కుట్టాను. చెయ్యి లాగకుండా మాస్టర్ చంక కోతను అరంగుళం పైకి జరిపించారు. ఏజెంట్ టేపుతో తొమ్మిది చోట్ల కొలిచి, సాంపిల్‌కు కట్టిన కార్డు మీద సంతకం పెట్టి, టీ తాగి వెళ్లాడు. అతను మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని ఎదురుచూడకూడదని మాస్టర్ ముందే చెప్పారు. సంతకమే మెచ్చుకోలు.

సత్యవతి మేడమ్ తలుపు దగ్గరికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. “మేడమ్, ఆ కుర్చీల ఇంకొకర్ని కూసోబెట్టుకోన్రి” అన్నారు మాస్టర్. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “తీసుకోండి, మీ రూములో అత్తగార్లకే కుట్టుకుంటుందిలే” అని విసవిసా వెళ్లిపోయారు. నెల తిరక్కుండా ఒక జరీ జాకెట్ గుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టి, “చేతులు మరీ అంత బుట్టలొద్దు, కాస్త తగ్గించు” అన్నారు. మరుసటి ఏడు ఆయుధపూజకు మా లైన్‌లో ఏడుగురు బుట్ట చేతులతో వచ్చారు. సుగుణ చేతులు అందరికంటే పెద్దవి.

పనికిరాని సాంపిల్ బయటికి పోకుండా కత్తెర వేసి తుడుపు గుడ్డల్లో పడేయాలన్నది కంపెనీ నియమం. మాస్టర్ మొదటి గౌను ఒంటికి కత్తెర వేశారు. ఆ రెండో చెయ్యి మాత్రం విప్పించి, చంక ముక్కతో సహా, కాగితం కటింగులు తగిలించే మేకుకు తగిలించారు. ఆయన రిటైరైనాక కూడా అది అక్కడే ఉంది.

తర్వాత సాంపిల్ రూమ్‌కు కొత్త అమ్మాయిలు వచ్చినప్పుడు పరీక్ష పెట్టే పని నాకొచ్చింది. పూల గుడ్డ ఇచ్చి, ఏమీ చెప్పకుండా, రెండు చేతులు కోయమనేదాన్ని. చాలామంది రెండూ ఒకే వైపువి కోసేవారు. కొందరు మడిచి బల్ల కింద దాచేవారు, కొందరు గుడ్డ తక్కువైందనేవారు. అక్కా, తప్పు కోసిన, అని వచ్చి నిలబడ్డ అమ్మాయికి మేకు మీది చెయ్యి దించి చూపించి, ముఖం మీద ముఖం పెట్టడం నేర్పేదాన్ని. కోత ఎవరికైనా వారంలో వస్తుంది. అందుకే కోత చూసి ఎవరినీ తీసుకోలేదు. తప్పు కోసి, అడగకముందే వచ్చి చెప్పినవాళ్లను తీసుకున్నాను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ లెక్క నన్ను మోసం చేయలేదు.