పద్దెనిమిది బోల్టులు

మా ఇంట్లో ఎవరికీ సీసా మూత పెట్టడం రాదు. పచ్చడి సీసా అయినా, కొబ్బరినూనె సీసా అయినా ఊరికే అలా తగిలించి వదిలేస్తారు. వాళ్ళ వెనకే వెళ్ళి నేను గట్టిగా బిగించి వస్తాను. ఈమధ్య మా కోడలు ఆ సీసాలు పట్టుకుని పక్కింటికి వెళ్తోంది, మూతలు తీయించుకు రావడానికి. వయసు మీదపడి చాదస్తం వచ్చిందని ఇంట్లో అనుకుంటున్నారు. అన్యాయం. ఇరవై మూడో ఏట కూడా నేనింతే.

అప్పటికి హైదరాబాదులో బీఎస్సీ ముగించి, సూర్యాపేటలో మా ఇంటి అరుగు మీద ఏడాదిగా ఉద్యోగం కోసం చూస్తున్నాను. మా నాన్నకు వ్యవసాయం ఉంది. ఆ వ్యవసాయానికి నా అవసరం లేదని ఇద్దరం మాట్లాడుకోకుండానే ఒప్పుకున్నాం. పోలీసు చర్య జరిగిన మరుసటి సంవత్సరం అది. అంతకుముందు మోటారు చప్పుడు వినబడితే జనం చేలల్లోకి పరుగెత్తేవాళ్ళు. ఆ ఏడు చూడడానికి రోడ్డు మీదికి వచ్చేవాళ్ళు. దాన్నే శాంతి అన్నారు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు షావుకారుకు మిల్లు ఇంజన్ చూసుకునే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. ఆయన నా డిగ్రీ కాగితం అటూ ఇటూ తిప్పి, వెనక ఏమీ రాసిలేదని రూఢి చేసుకుని, నా వైపు చూశాడు.

"ఇంజన్ గురించి సదివినవా?"

"చదివిన."

"ముట్టినవా?"

"ముట్టలేదు."

"దా, ఒకటి సూపిస్త" అని మిల్లు వెనక్కి నడిచాడు.

అక్కడ ఉప్పుడు వడ్లు ఆరబోసే గచ్చు మీద ఎర్రటి స్పోర్ట్స్ కారు నిలబడి ఉంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. హైదరాబాదు వదిలి వెళ్ళిపోతున్న ఒక అధికారి దగ్గర కొన్నాడట. షావుకారు మంచి కాయం మనిషి. ఆయన కూర్చున్నాక రెండో సీటు ఉందనడం మర్యాదకే. ఆయన భార్య ఒక్కసారి ఎక్కి, సంతకు తోలుకుపోతున్నట్టుందని ఊరు దాటకముందే దిగిపోయిందట.

కారుకు పెద్ద జబ్బేమీ లేదు. గంటకు రెండు మూడు చుక్కలు ఇంజన్ ఆయిలు కారుతుంది, అంతే. కానీ కారేది వడ్ల గచ్చు మీద. ఆ చుక్క తగిలిన వడ్లు బియ్యమై, బియ్యం అన్నమై, ఎవరో నోట్లో పెట్టుకున్నాక మిల్లు పేరు ఎత్తి తిట్టారట. కారు ఇంకోచోట నిలపవచ్చు కదా అని నాకు తోచింది. షావుకారు కూర్చునే గదిలోంచి కనబడేది ఆ గచ్చు ఒక్కటేనని కూడా వెంటనే తోచి ఊరుకున్నాను.

"సూర్యాపేటల మా పాత మేస్త్రీ ఉన్నడు. కారు ఆయన కాడికి తీస్కపో. పక్కన నిలబడి పని చెయ్. నువ్వు పనికొస్తవా రావా ఆయన్నే అడుగుత. ఆయన ఏదంటే గదే" అన్నాడు.

కారు నడపడం కాలేజీలో ఒక స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాను. ఆపడం ఆ తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. సాయంత్రానికి క్షేమంగానే సూర్యాపేట చేరాను.

మేస్త్రీ యుద్ధంలో మిలటరీ లారీలు బాగుచేసి వచ్చినవాడు. లారీలు ఆగేచోట ఒక రేకుల షెడ్డు, అందులో ఒక స్టూలు, ఆయన. మర్నాడు పొద్దున కారు కిందికి దూరి, ఒక బీడీ కాలేంత సేపటికి బయటికొచ్చాడు.

"చాంబర్ కాడ ప్యాకింగ్ ఖతమయింది" అన్నాడు.

చాంబర్ అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలవుండే రేకు తొట్టి. తొట్టికీ ఇంజన్‌కూ మధ్య సందు లేకుండా పెట్టే కార్కు పట్టీ ప్యాకింగు. కార్కు షీటు కోదాడలో దొరుకుతుంది, తెమ్మన్నాడు.

"సూర్యాపేటల దొరకదా?"

"దొరికితే నిన్నెందుకు పంపుత, కాలేజీ పటేలా?"

బస్సులో కోదాడ వెళ్ళాను. అక్కడ బెజవాడ లారీల సామాను అమ్మే దుకాణదారు షీటు చుట్టి చేతికిస్తూ, "మడవకండి బాబూ, విరిగిపోద్ది. ఇంతకీ మీ బండేంటండీ?" అన్నాడు. స్పోర్ట్స్ కారన్నాను. నా చెప్పుల వైపు చూసి, "ఆహా" అన్నాడు. తిరుగు బస్సులో ఆ చుట్టను ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకుని, ప్రతి ఊళ్ళో బస్సు ఎందుకు ఆగుతుందా అని ఆలోచిస్తూ వచ్చాను. జనం ఎక్కడానికని తెలుసు. అయినా.

మూడో రోజు పని. కారును మొద్దుల మీదికి ఎక్కించి, ఆయిలు బకెట్లోకి వంచి, పద్దెనిమిది బోల్టులు విప్పి తొట్టి దించాం. పాత ప్యాకింగు ముక్కల్ని గీకింది నేనే. మేస్త్రీ కొత్త షీటును తొట్టి అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ తట్టుకుంటూ పోయాడు. అంచు అచ్చు కార్కు మీద పడింది. ఆ గీత వెంట కత్తిరించాడు. లక్కను స్పిరిటులో కరిగించి పూసి, తొట్టిని పైకెత్తి, ఇటొక బోల్టు అటొక బోల్టు ఎదురెదురుగా, పానాను రెండే వేళ్ళతో పట్టుకుని బిగించాడు.

"సాలు" అన్నాడు.

"వదులుగ లేవా?"

"వదులుగనే ఉంటయ్. కార్కు జర సర్దుకోవాలె. రేపు పొద్దుగాల ఇంకింత తిప్పుత. అందాక ముట్టకు. నేను బువ్వ తిని వస్త. నువ్వు గీ స్టూలు మీద కూసో. గదే నీ పని."

కూర్చున్నాను. కూర్చోవడానికి నేను చేసిన ప్రయత్నాన్ని ఎవరూ తక్కువచేసి మాట్లాడలేరు. కాసేపు కుడికాలు ఎడమకాలి మీద వేసుకున్నాను, కాసేపు ఎడమకాలు కుడికాలి మీద. లేచి రోడ్డు దాకా వెళ్ళాను. చాయ్ తాగాను. వచ్చి మళ్ళీ చాయ్ తాగడానికి వెళ్ళాను. అరుగు మీద ఏడాది కూర్చున్నవాణ్ణి, ఇంకొక్క పూట కూర్చుంటే ఉద్యోగం వస్తుందంటే ఆ పూటే గడవడం లేదు. రెండు వేళ్ళతో బిగించిన బోల్టు ముప్పై మైళ్ళ రాళ్ళ రోడ్డు మీద నిలుస్తుందా? ఊడితే పోయేది ఎవరి ఉద్యోగం? మేస్త్రీది కాదు కదా.

కారు కిందికి దూరాను. జాగ్రత్త కోసం ఒక్కో బోల్టుకు అరచుట్టు ఇచ్చాను. పానా గట్టిగా ఎదురుతిరిగేసరికి ప్రాణం లేచొచ్చింది. మొదటినుంచి మళ్ళీ ఇంకో అరచుట్టు ఇచ్చాను. డిగ్రీ చేతికొచ్చిన రోజున కూడా నాకు అంత తృప్తి కలగలేదు. మేస్త్రీ వచ్చేసరికి స్టూలు మీదే ఉన్నాను.

మర్నాడు పొద్దున ఆయన మొదటి బోల్టుకు పానా తగిలించాడు. కదల్లేదు. రెండోదీ కదల్లేదు. కారు కిందినుంచే అడిగాడు.

"ముట్టినవా?"

"లేదు."

మేస్త్రీ ఇంకో బోల్టుకు పానా తగిలించి చూశాడు. తర్వాత బయటికి వచ్చి, ఆయిలు పోసి, ఇంజన్ నడిపించి, కింద గుడ్డతో తుడిచి చూశాడు. గుడ్డ శుభ్రంగానే ఉంది. "పా, నేను గూడ వస్త" అని రెండో సీట్లో కూర్చున్నాడు. మిర్యాలగూడ దాకా మాట్లాడలేదు. నేను ఇద్దరి బదులూ మాట్లాడాను.

షావుకారు పరీక్షకు సిద్ధంగా ఉన్నాడు. గచ్చు మీద ఉతికిన తెల్ల పంచె పరిపించి, దానిమీదికి కారు తోలమన్నాడు. ముగ్గురం వసారాలోకి వచ్చాం. వాళ్ళిద్దరూ కూర్చున్నారు. నేను వసారా పొడుగెంతో నడిచి చూస్తున్నాను. ఏడెనిమిదిసార్లు చూసి ఉంటాను, పంచె మీద నల్లటి చుక్క కనబడింది. గుండ్రంగా, తీరిగ్గా ఉంది. దాని పక్కన ఇంకోటి. పాత జబ్బు ఇంత తొందరపడేది కాదు.

మేస్త్రీ లేచి వెళ్ళి, నేలకు చెంప ఆనించి కారు కిందికి చూశాడు. నేనూ వంగి చూశాను. బిగింపు పట్టలేక కార్కు చుట్టూ పెదవిలా బయటికి పొంగింది. ఒకచోట చీలింది.

"ముసలోనివైనవ్ మేస్త్రీ. చేతులల్ల పట్టు పోయింది" అన్నాడు షావుకారు నవ్వుతూ. తర్వాత నవ్వకుండా, "మిల్లు రిపేర్లు గూడ ఇగ ఇంకోనికి చెప్పుకోవాలెనేమో" అన్నాడు.

మేస్త్రీ చెంపకంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఆయన బిగించింది రెండు వేళ్ళతోనే. వద్దన్నా వినకుంట మళ్ళ బిగించింది నేను" అన్నాను.

షావుకారు నన్ను, పంచెను, మళ్ళీ నన్ను చూశాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. మేస్త్రీ వైపు తిరిగి, అనుకున్న ప్రకారమే అడిగాడు.

"మరి ఈ పిల్లగానికి మిల్లు ఇంజన్ అప్పజెప్పొచ్చునా?"

మేస్త్రీ పంచె మీది చుక్కల వైపు చూస్తూ అన్నాడు.

"కూసునుడు రాదు. ఇయ్యకు."